పాత గని సొరంగానికి మట్టి కప్పేస్తే సరిపోతుందా?

గుంటూరులో ఉద్యోగం చేస్తున్న ఒకరు తమ సొంత ఊరి గురించి అడిగారు. వినుకొండ వైపు కొండ పక్కన ఉన్న ఊరు. ఎప్పుడో ఖనిజం కోసం తవ్వి వదిలేసిన సొరంగం ఒకటి, దానికి కాస్త పైన పొదల మధ్య నిలువు గొయ్యి ఒకటి, కొండకు ఇవతలి వైపు నీళ్లు నిండిన రాతి క్వారీ గుంత ఒకటి ఉన్నాయట. పోయిన ఏడాది రెండు మేకలు నిలువు గోతిలో పడ్డాయి. ఊరి పెద్దలు చందాలు వేసుకుని జేసీబీ తెప్పించి సొరంగాన్ని, గోతిని మట్టితో నింపేద్దామంటున్నారు. అది సరిపోతుందా, ఆ తర్వాత కొండను మళ్లీ పచ్చగా చేసుకోవడం ఎలా అన్నది ఆయన ప్రశ్న.

సరిపోదు. వట్టి మట్టి నింపితే చాలా సందర్భాల్లో ఇప్పుడున్న ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ఆ గొయ్యి కంటికి కనిపిస్తోంది, జనం తప్పుకుని నడుస్తున్నారు. మట్టి కప్పాక కనిపించదు, లోపలి ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. ముందు ఈ వారమే మూడింటి చుట్టూ కంచె వేయండి. తర్వాత లోపల ఏముందో, నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలుసుకోండి. మూసే పద్ధతి ఆ తర్వాతే తేలుతుంది. మూడింటికీ పద్ధతులు వేరు. పచ్చదనం చివరి పనే అయినా, దానికి కావలసిన మట్టిని, విత్తనాలను మాత్రం ఇప్పటి నుంచే కూడబెట్టుకోవాలి.

నేను ముప్ఫై నాలుగేళ్లు గనుల్లో పనిచేశాను. మొదట బొగ్గు గనులు, తర్వాత లోహ ఖనిజం తవ్వే చోటు, చివరి తొమ్మిదేళ్లు పూర్తిగా తవ్వకం ఆగిన గనులను మూసే పని. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. కొండపల్లి, పేరేచర్ల వైపు ఎవరైనా క్వారీ గుంతల గురించి అడిగితే వెళ్లి చూసి నాకు తెలిసింది చెబుతుంటాను.

మట్టి ఎందుకు నిలవదో నా కళ్లతో చూసింది చెబుతాను. ఒక పాత గని షాఫ్ట్, అంటే గనిలోకి నిలువునా దిగే గొయ్యి, ఎనిమిది అడుగుల చదరం. వేసవిలో ముప్ఫైకి పైగా టిప్పర్ల గ్రావెల్ పోసి నింపారు. పైన చదును చేసి, వేప మొక్క నాటి, చుట్టూ ఇనుప జాలీ పెట్టారు. ఆగస్టులో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. ఐదో రోజు ఉదయం కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి పిలిస్తే వెళ్లాం. జాలీ ఒక పక్కకు ఒరిగి గోతి అంచున వేలాడుతోంది. మొక్క లేదు. నింపిన మట్టి ఒక్క రాత్రిలో ఎంత లోతుకు దిగిందో పైనుంచి కనిపించలేదు. కింద ఎక్కడో చిన్న చిన్న రాళ్లు జారి నీళ్లలో పడుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. గోతి అంచుకు మూడు నాలుగు అడుగుల అవతల నేల మీద వెంట్రుక మందాన ఒక పగులు, గీత గీసినట్టు గుండ్రంగా తిరిగి ఉంది. అప్పటికే మేము దాన్ని దాటి లోపలికి వచ్చి నిలబడ్డాం. అందరినీ ఒక్కొక్కరిగా వెనక్కి నడిపించాను. మరో గంటకు ఆ పగులు దాకా నేల కూలిపోయింది.

కారణం ఇది. షాఫ్ట్ అంటే అడుగున మూసుకుపోయిన కుండ కాదు. దిగేకొద్దీ పక్కలకు సొరంగాలు చీలి ఉంటాయి. పోసిన మట్టి పొడిగా ఉన్నంతకాలం నిలబడుతుంది. తడిసి బురదయ్యాక, చిల్లిపడ్డ బస్తాలోంచి పిండి జారినట్టు ఆ పక్క సొరంగాల్లోకి జారిపోతుంది. ఇంతకన్నా ఘోరమైనవి నోటికి అడ్డంగా దుంగలు పేర్చి, పైన మట్టి కప్పిన షాఫ్టులు. దుంగ పుచ్చిపోయేదాకా ఎవరికీ తెలియదు. పైన గడ్డి మొలుస్తుంది, బాట పడుతుంది, ఒక రోజు ట్రాక్టర్ వెళుతుంది. మీ ఊరి గొయ్యి పక్కన కూడా ఎక్కడైనా పల్లంగా కుంగిన చోటు, పొదలు గుండ్రంగా మొలిచిన చోటు ఉంటే దాన్ని కూడా గొయ్యిగానే లెక్కవేసుకుని కంచె లోపలికి కలుపుకోండి.

ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఈ మాట ఊళ్లో కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. కప్పు కూలడం ఒక ప్రమాదం, గాలి అంతకన్నా పెద్దది. వాడని గనిలో కుళ్లిన కర్ర, గాలి తగిలిన ఖనిజం కలిసి ప్రాణవాయువును తినేస్తాయి. బయట గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. మన గనుల నిబంధనల ప్రకారం 19 శాతం కన్నా తగ్గితే అక్కడ పని చేయించకూడదు. 10 శాతానికి వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, ఊపిరాడటం లేదన్న బాధ కూడా ముందుగా తెలియదు. పాత బావుల్లో పూడిక తీయడానికి దిగి, పడిపోయిన వాడిని పైకి తెద్దామని ఇంకొకరు, వాళ్ల కోసం మరొకరు దిగి ముగ్గురూ పోయిన వార్తలు మన జిల్లాల్లో ఎన్నిసార్లు చదవలేదు? ఇదీ అదే గాలి. దీపం దించి చూస్తామంటారు కొందరు. మంట ఆరిపోయే సరికి ప్రాణవాయువు 16, 17 శాతానికి పడిపోయి ఉంటుంది, పైగా మండే వాయువు ఉంటే ఆ దీపమే మీ ప్రాణం తీస్తుంది. ఇంకో సంగతి, గని ఊపిరి పీల్చి వదులుతుంది. బయట వాతావరణ పీడనం తగ్గిన రోజున, అంటే వాన ముసురు పట్టిన రోజున, లోపలి చెడు గాలి బయటికి వస్తుంది. నిన్న నోటి దగ్గర కూర్చుంటే ఏమీ కాలేదు కదా అని ఈ రోజు కూర్చోకూడదు.

లోపలికి వెళ్లకుండానే చాలా తెలుసుకోవచ్చు. నిలువు గోతి లోతు ఎంతో చూడాలంటే, గట్టి చెట్టుకు తాడు కట్టి నడుముకు బిగించుకున్న మనిషి, అంచుకు దూరంగా ఉండి పిడికెడంత రాయి విసరాలి. చప్పుడు వినిపించడానికి రెండు సెకన్లు పడితే లోతు ఇరవై మీటర్లకు కాస్త తక్కువ. మూడు సెకన్లయితే నలభై మీటర్లు దాటినట్టే. మధ్యలో గోడకు తగిలి రెండు మూడు చప్పుళ్లు వస్తే ఇంకోసారి వేయండి. చివరి చప్పుడు నీళ్లలో పడినట్టుందా, రాతి మీద పడినట్టుందా రాసుకోండి. సొరంగం నోటి దగ్గర నీరు కారుతుంటే ఒక గాజు సీసాలో పట్టి, నీటి పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితంతో చూడండి. నీరు పారిన దారి పొడుగునా ఇటుక రంగు జిగురు పేరుకుని ఉంటే అది చాలా ముఖ్యమైన ఆనవాలు. దాని గురించి కింద చెబుతాను.

పాత పటం దొరికితే సగం పని అయినట్టే. గనులు, భూగర్భ శాఖ జిల్లా కార్యాలయంలో లీజు రికార్డు అడగండి. మూతపడిన గనుల ప్లాన్లు గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ దగ్గర ఉంచాలన్నది నియమం. దాని కేంద్ర కార్యాలయం ధన్‌బాద్‌లో, మనకు దగ్గరి కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. పటానికి ఇంత విలువ ఎందుకు ఇస్తానంటే, పాత గనిలో నిలిచిన నీరు ఏం చేయగలదో ఈ దేశం చూసింది. 1975 డిసెంబర్ 27న ఇప్పటి జార్ఖండ్‌లోని చస్‌నాలా గనిలోకి పై భాగంలోని పాత తవ్వకాల నీరు ఒక్కసారిగా దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. నేను గనుల్లో చేరిన మొదటి నెలలో మా మేనేజర్ గారు మాకు పాఠంగా చెప్పింది ఈ ప్రమాదమే. ఆ తర్వాత ఏ సొరంగాన్ని చూసినా నాకు ముందు గుర్తొచ్చేది దాని వెనక ఉన్న నీరే. ఇక ఊళ్లో ఆ గనిలో పనిచేసిన ముసలివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ వైపు ఎంత దూరం తవ్వారో, గాలి కోసం ఇంకెక్కడైనా కన్నం పెట్టారో పటంలో లేనిది కూడా వాళ్లకు గుర్తుంటుంది.

ఇప్పుడు సొరంగం సంగతి. అడ్డంగా కొండలోకి వెళ్లే సొరంగంలోంచి నీరు కారుతుంటే దాన్ని పూర్తిగా బిగించి మూయకూడదు. లెక్క చూడండి. గోడ వెనక నీరు పది మీటర్ల ఎత్తు నిలిస్తే, అడుగున చదరపు మీటరుకు పది టన్నుల ఒత్తిడి పడుతుంది. రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న గోడ మీద మొత్తం సుమారు నలభై టన్నులు. ఊళ్లో మేస్త్రీ కట్టే ఇటుక గోడ దీన్ని ఆపలేదు. ఆపినా నీరు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఒక చోట అలాగే జరిగింది. తొమ్మిదంగుళాల గోడ కట్టి సిమెంటు పూసి, గని మూశామని కాగితం రాసేశారు. మూడో ఏడాది వానాకాలంలో గోడ చెక్కుచెదరలేదు కానీ, దానికి నూట యాభై అడుగుల కింద వాలులో నేల ఉబ్బి, అక్కడి నుంచి నీరు చిమ్మింది. ఆ కింద ఎకరంన్నర మిరప తోట. నన్ను పిలిచేసరికి నీరు ఇంకిపోయింది, చాళ్ల మధ్య తుప్పు రంగు బురద మిగిలింది. మొక్కల ఆకులు అంచుల నుంచి పసుపు తిరిగాయి. రైతు ఒక మొక్క పీకి వేళ్లు చూపించారు. సన్నని వేళ్లన్నీ ఎర్రటి పూత పట్టి తీగల్లా బిరుసుగా ఉన్నాయి. పెట్టుబడి మొత్తం అప్పు తెచ్చి పెట్టిందే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు. ఆ గోడ అడుగున ఒక్క గొట్టం పెట్టి ఉంటే ఆ పంట దక్కేది.

మరి ఎలా మూయాలి? నోటి దగ్గర రాయి ఎప్పుడూ వదులుగా, పెళుసుగా ఉంటుంది. అనుభవమున్న మనుషులు వదులు రాయి రాల్చి, కొన్ని మీటర్ల లోపల గట్టి రాయి తగిలే చోట గోడ కట్టాలి. గోడ అంచులను రెండు పక్కలా, అడుగునా రాతిలోకి గాడి చెక్కి దిగేయాలి. అడుగున నీటి గొట్టం ఉండాలి. ఇనుప గొట్టం వద్దు, పుల్లటి నీరు దాన్ని తినేస్తుంది. మందపాటి ప్లాస్టిక్ గొట్టం మేలు. గొట్టాన్ని హంస మెడలా వంచి అందులో ఎప్పుడూ కొంత నీరు నిలిచేలా చేస్తే, నీరు బయటికి పోతుంది, గాలి లోపలికి పోదు. గాలి లోపలికి పోకపోవడం ఎందుకు అవసరమంటే, మీ వైపు రాతిలో సీసం, రాగి ఉన్నాయి. అగ్నిగుండాల ప్రాంతంలో బండ్లమోట్టు సీసానికి, నల్లకొండ రాగికి పేరున్న చోట్లు. ఆ ఖనిజాలు గంధకంతో కలిసి ఉంటాయి, తోడుగా ఇనుము, గంధకం కలిసిన ఖనిజం కూడా ఉంటుంది. దానికి గాలీ నీరూ రెండూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని లోహాలను కరిగించి తెస్తుంది. బయటికొచ్చాక ఇనుము ఇటుక రంగు జిగురై పేరుకుంటుంది. నీరు మాత్రమే ఉండి గాలి లేకపోతే ఈ పని బాగా నెమ్మదిస్తుంది.

బయటికొచ్చే నీటిని నేరుగా వాగులోకి వదలకుండా ఒక చిన్న మడుగులో నిలిపి, సున్నంతో పులుపు విరిచి వదలాలి. పిడుగురాళ్ల మీకు పక్కనే ఉంది, సున్నానికి కొదవ లేదు. కాలువలో సున్నపురాయి ముక్కలు పరిస్తే చాలనుకుంటారు గానీ, కొన్నాళ్లకు వాటి మీద తుప్పు పూత గట్టిపడి రాయి పనిచేయడం మానేస్తుంది. ఏడాదికోసారి ఆ రాళ్లు తిరగేసి కడగడమో మార్చడమో చేయాలి. గొట్టం నోరు కూడా అంతే, ప్రతి వేసవిలో చూసి శుభ్రం చేయాలి. ఆ పని ఎవరిదో పంచాయతీ పుస్తకంలో రాసి పెట్టండి.

మూసే ముందు గబ్బిలాలను లెక్కపెట్టండి. ఇది చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది, నాకు మాత్రం ఇది తప్పనిసరి. సాయంత్రం చీకటి పడే వేళ నోటికి దూరంగా, పక్కగా కూర్చుని గంటసేపు చూడండి. ఒక రోజు కాదు, వేసవిలో, వానల్లో, చలికాలంలో రెండేసి రోజులు. కర్ణాటకలోని కోలార్ జిల్లాలో హనుమనహళ్లి అనే ఊరి దగ్గర ఒకే ఒక గుహలో బతుకుతున్న గబ్బిలం జాతి ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా కనబడలేదు. మీ సొరంగంలో అంత అరుదైనవి లేకపోవచ్చు. కానీ పురుగులు తినే గబ్బిలాలు రాత్రంతా మీ పొలాల మీదే తిరుగుతాయి. అవి ఉంటే గోడ బదులు ఇనుప చువ్వల తలుపు పెట్టాలి. చువ్వలు అడ్డంగా, మధ్య ఖాళీ ఐదు ముప్పావు అంగుళాలు, అంటే 146 మిల్లీమీటర్లు. ఆ సందులోంచి గబ్బిలం రెక్క ముడవకుండా దూరిపోతుంది, మనిషి దూరలేడు. గబ్బిలం పిల్లలు ఇంకా ఎగరలేని రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. మీ కొండల్లో ఎలుగుబంట్లు, ముళ్లపందులు కూడా సొరంగాల్లో తలదాచుకుంటాయి. నోటి దగ్గర సన్నని ఇసుక పరిచి పొద్దున్నే జాడలు చూడండి. ఏదైనా లోపల ఉండగా మూస్తే దాన్ని బతికుండగా పాతిపెట్టినట్టే.

చువ్వల విషయంలో ఇంకో జాగ్రత్త. ఇనుము దొంగతనం జరుగుతుంది. నేను పెట్టించిన మొదటి తలుపు ఐదు నెలలు కూడా నిలవలేదు, కోసుకుపోయి పాత సామాను కొట్టులో అమ్మేశారు. తర్వాత నుంచి చువ్వలను రాతిలో అడుగున్నర లోతు రంధ్రాలు వేసి కాంక్రీటుతో బిగించాం, బోలు గొట్టాల్లో కంకర సిమెంటు నింపాం. కోయడానికి ఒక రాత్రి చాలకపోతే దొంగ మళ్లీ రాడు.

నిలువు గొయ్యి దగ్గరికొస్తే, మేలైన పద్ధతి కాంక్రీటు మూత. మూత నేల మీద ఉన్న మట్టి మీద కూర్చోకూడదు, మట్టి తీసేసి గట్టి రాయి తగిలే చోట కూర్చోవాలి. మూత వెడల్పు గొయ్యి వెడల్పుకు కనీసం రెట్టింపు. ఎనిమిది అడుగుల గొయ్యికి పదహారు అడుగుల పలక అన్నమాట. ఊచల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు చేత వేయించండి, ఊరి మేస్త్రీ అంచనా మీద వదలకండి. రేపు దాని మీదికి ట్రాక్టరు ఎక్కదన్న నమ్మకం లేదు. మూతలో గాలి గొట్టం ఒకటి పెట్టి, చివర కిందికి వంచి జాలీ బిగించాలి. మూత మీద తేదీ, గొయ్యి లోతు, కొలతలు చెక్కిన రాయి పెట్టండి. యాభై ఏళ్ల తర్వాత అక్కడ ఇల్లు కట్టాలనుకునేవాడికి అదే దిక్కు.

నింపే తీరాలి అనుకుంటే మట్టితో కాదు, పెద్ద రాళ్లతో మొదలుపెట్టాలి. అడుగున తలకాయంత రాళ్లు, వాటి మీద పిడికెడంతవి, తర్వాత కంకర, చివర మట్టి. పెద్ద రాళ్లు పక్క సొరంగాల నోళ్ల దగ్గర ఒకదానికొకటి బిగుసుకుని నిలుస్తాయి. అయినా రెండు వానాకాలాలు కుంగుతుంది, మళ్లీ పోయాలి. అప్పటిదాకా కంచె తీయకూడదు. లోతు ఎక్కువైతే ఖర్చు మూత కన్నా మించిపోతుంది. మీ గోతి లోతు తెలియకుండా ఇంతకన్నా చెప్పలేను.

క్వారీ గుంత గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నా దృష్టిలో మూడింటిలో ఎక్కువ ప్రాణాలు తీసేది అదే. వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు మునిగి చనిపోయారన్న వార్త గుంటూరు, కృష్ణా వైపు ఏటా చదువుతూనే ఉంటాం. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది, నాలుగడుగులు వేస్తే కాలికి నేల తగులుతుంది. క్వారీ గుంతలో ఒక్క అడుగు తేడాతో అరవై అడుగుల లోతు. గోడలు నిట్టనిలువు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైన నీరు వెచ్చగా, కాస్త కింద చల్లగా ఉండి కాళ్లు పట్టేస్తాయి.

దాన్ని నింపే ప్రయత్నం చేయకండి. అంత రాయి ఎక్కడి నుంచీ రాదు. పట్టణాల చెత్త తెచ్చి నింపుతాం, డబ్బు కూడా ఇస్తాం అనేవాళ్లు వస్తారు, ఒప్పుకోవద్దు. పగుళ్ల రాతిలో చెత్త ఊట నేరుగా మీ బోర్లలోకి దిగుతుంది. చేయాల్సింది ఒకటే, గుంతను చెరువులా మార్చడం. ఒక వైపు గోడను మెట్లుమెట్లుగా కోసి, మనిషైనా గొడ్డైనా నడిచి పైకి రాగలిగే వాలు చేయాలి. మెత్తని నేలకు గనుల నిబంధనల్లో ఉన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. మట్టి, మొరం ఉన్న చోట వాలు 45 డిగ్రీలు దాటకూడదు, మెట్లు కోస్తే ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర మించకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. జనం తిరిగే చోట నేను ఇంకా తక్కువ వాలే చేయిస్తాను. మిగతా మూడు వైపులా అంచుకు దూరంగా కందకం తవ్వి, ఆ మట్టితోనే కట్ట పోసి, కట్ట మీద కిత్తనార, బ్రహ్మజెముడు నాటండి. ఇనుప ముళ్లకంచెను ఎత్తుకుపోతారు, కిత్తనారను ఎవరూ ఎత్తుకుపోరు, పైగా ఏటికేడు చిక్కనవుతుంది. నీటి పక్కన నాలుగు చోట్ల పొడవాటి తాడు కట్టిన ట్యూబు వేలాడదీయండి. ఖర్చు చాలా తక్కువ. నేను చూసిన ఒక ఊళ్లో ఆ తాడు ఒక పదో తరగతి పిల్లవాడిని కాపాడింది.

ఇక పచ్చదనం. ముందు గని నుంచి తీసి పోసిన రాతి గుట్ట సంగతి చూడాలి. అది సీసం ఖనిజం తవ్విన గుట్ట అయితే, పరీక్ష చేయించేదాకా మేకలను అక్కడ మేపవద్దు, పిల్లలను ఆడనివ్వవద్దు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదు లేదు. గుట్ట మీది మట్టిని, కింద పొలం మట్టిని విడివిడిగా కట్టి లోహాల పరీక్ష చేసే ప్రయోగశాలకు పంపండి. మామూలు భూసార పరీక్షలో సీసం చూడరు, అడిగి చేయించాలి. సీసం ఎక్కువుంటే గుట్టను కదపకండి. పైన రెండడుగుల బంకమట్టి కప్పి, గడ్డి పెంచి, చుట్టూ కాలువ తవ్వాలి. దాని మీద సీతాఫలం, రేగు లాంటి తినే పండ్ల చెట్లు వేయకూడదు.

రాయి పోసిన గుట్ట దాని పాటికి అది 37 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. నిలిచింది కదా అని వదిలేస్తే వానకు జారుతుంది, దాని మీద మొక్క కూడా నిలవదు. వాలును 28 డిగ్రీలకు మించకుండా తగ్గించి, అడుగున రాతి కట్టడం, చుట్టూ వాన నీటిని మళ్లించే కాలువ ఏర్పాటు చేయాలి. బ్రిటన్‌లో 1966లో అబెర్‌ఫాన్ అనే ఊరి బడి మీదికి బొగ్గు గని గుట్ట జారి 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. గుట్ట కింద ఊట నీరు ఉండటమే కారణం. మీ గుట్ట కింద తడి కనిపిస్తే ముందు దాన్ని బయటికి మళ్లించండి.

మొక్కలు నాటడంలో అందరూ చేసే తప్పు మొదటి రోజే చెట్లతో మొదలుపెట్టడం. రాతి పొడిలో ప్రాణం ఉండదు. మొదట గడ్డి, పప్పుజాతి మొక్కలు. వెంపలి, జనుము, పిల్లిపెసర, తంగేడు. ఇవి నేలకు పట్టునిస్తాయి, వెంపలి లాంటివి నత్రజని కూడా ఇస్తాయి. వాలు మీద అడ్డ వరుసల్లో వట్టివేరు. గడ్డి విత్తనం కొనకండి, అదే కొండ మీద చెదరని చోట చలికాలంలో పండిన గడ్డి కోసి దాచి, తొలకరికి చల్లండి. సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఇచ్చిన ఆదేశం కూడా ఇదే చెబుతుంది. తవ్వకం అయ్యాక నేలను మేతకు, మొక్కలకు, జంతువులకు పనికొచ్చేలా గడ్డి పెంచి ఇవ్వడాన్ని మైనింగ్ లీజు షరతుల్లో చేర్చాలని. మట్టి కోసం వేసవిలో చెరువు పూడిక తీసేటప్పుడే పంచాయతీతో మాట్లాడుకోండి, అంతకన్నా మంచి మట్టి మీకు దొరకదు.

రెండో ఏడాది చెట్లు. రెండడుగుల చదరం, రెండడుగుల లోతు గుంత తీసి పూడిక మట్టి, పశువుల ఎరువు కలిపి నింపాలి. వేప, కానుగ, మోదుగ, సీసం లేని చోట రేగు, సీతాఫలం. రాతి పగుళ్లలో రావి, జువ్వి. నాకు ఇష్టమైనది ఇంకొకటి ఉంది, తెల్ల పొణికి. కొండపల్లి బొమ్మలు చెక్కేది ఆ కర్రతోనే. పొడి రాతి వాలుల్లో పెరిగే చెట్టు, అడవిలో తగ్గిపోయింది. మన కొండలు తవ్వి పాడుచేసిన చోట దాన్ని మళ్లీ పెంచాలన్నది నా కోరిక. కొండపల్లి దగ్గర ఒక క్వారీ అంచున నలభై మొక్కలు పెట్టించాను, మూడేళ్లకు ఇరవై ఆరు నిలిచాయి. సర్కారు తుమ్మ మాత్రం వద్దు. వేగంగా పచ్చబడుతుంది, తర్వాత ఇంకేదీ రానివ్వదు. మొదటి వేసవి దాటించడమే అసలు పరీక్ష. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, రాతి గుట్ట మీద మొక్క ఎలా తట్టుకుంటుంది? వారానికో కుండ నీళ్లు, మొక్క మొదట్లో ఎండుగడ్డి, మూడు వేసవుల పాటు.

ఓపిక పడితే ఏమవుతుందో చూడాలంటే కెన్యాలో మొంబాసా దగ్గరి బంబురి సున్నపురాయి క్వారీ గురించి తెలుసుకోండి. 1971లో రెనే హాలర్ అనే ఆయన అక్కడ 26 రకాల చెట్లు నాటి చూస్తే మూడే బతికాయి. అందులో ఒకటి మన బాపట్ల తీరంలో పెరిగే సరుగుడు. సరుగుడు ఆకు కుళ్లక అలాగే పేరుకుపోతుంటే, దాన్ని తినే రోకలిబండ పురుగులను తెచ్చి వదిలారు. అవి తిని విసర్జించిందే మట్టి అయింది. ఆ మట్టిలో అడవి లేచింది. మాచర్ల, పిడుగురాళ్ల వైపు సున్నపురాయి గుంతలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

డబ్బు, అనుమతుల మాట. లీజు ఇంకా ఎవరి పేరునైనా ఉంటే మూసే బాధ్యత వాళ్లది, చందాలు వేసుకోవద్దు. 2003 నుంచి ప్రధాన ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళిక తప్పనిసరి. మీది అంతకు ముందే వదిలేసినదైతే గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరు గారికి ఇవ్వండి. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గని ప్రభావిత ఊళ్ల కోసమే, పర్యావరణం పనులు దాని పరిధిలోకే వస్తాయి. కొండ రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా జేసీబీ తీసుకెళ్లకండి, కేసు మీ మీదే పడుతుంది.

ఈ వారంలో కంచె పూర్తి చేసి నాకు నాలుగు సంగతులు రాయండి. రాయి వేస్తే ఎన్ని సెకన్లకు చప్పుడు వచ్చింది, సొరంగం నీటికి పీహెచ్ ఎంత ఉంది, సాయంత్రం ఎన్ని గబ్బిలాలు బయటికొచ్చాయి, గోతి చుట్టూ నేల మీద గుండ్రటి పగులు ఏదైనా ఉందా. పగులు కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా కంచెను దానికి కనీసం ముప్ఫై అడుగుల అవతలికి జరపండి.